గుర్రం గోళ్లు, పిల్లి గిట్టలు

ఒకప్పుడు గుర్రానికి గోళ్లుండేవి, పిల్లికి గిట్టలుండేవి.

నవ్వకండి. అప్పట్లో అలాగే ఉండేవి. గుర్రం ప్రతి కాలికీ వేళ్లు, ప్రతి వేలికీ కొడవలిలా వంపు తిరిగిన గోరు. పిల్లికేమో నాలుగు కాళ్లకీ నాలుగు బుల్లి గిట్టలు. నున్నగా, గట్టిగా ఉండేవి. నేల తాకితే చాలు మోగేవి.

గుర్రానికి పుట్టుకతోనే ఒంటి నిండా దురద. చెమట పడితే దురద, ఈగ వాలితే దురద, ఏమీ లేకపోయినా దురద. అయితేనేం, గోళ్లున్నాయి కదా! ఎక్కడ నీడ కనిపిస్తే అక్కడ చతికిలబడేది. వెనక కాలెత్తి చెవి వెనక బరబరా గోక్కునేది. ముందు కాలు వంచి వీపంతా గోక్కునేది. గోక్కుని గోక్కుని హాయిగా నిద్రపోయేది.

పిల్లి బతుకు మాత్రం అడక్కండి. అడుగు వేస్తే టక్. ఇంకో అడుగు వేస్తే టక్. ఎంత మెల్లగా నడిచినా టక్ టక్ టక్. ఆ చప్పుడు ఎలుకలకి నాలుగిళ్ల అవతలే వినబడేది. "వస్తోందర్రా" అనుకుని, తింటున్న గింజ పూర్తిగా తినేసి, మూతి తుడుచుకుని, తీరిగ్గా కన్నంలోకి వెళ్లిపోయేవి. పిల్లికి పక్కటెముకలు బయటికి కనిపించేవి.

ఈ గుర్రం, ఈ పిల్లి సుక్రివి. కొండ మీద ఒక చిన్న ఊళ్లో సుక్రి ఉండేది. ఆమెకి మొగుడు లేడు, పిల్లలు లేరు. గుర్రం వాకిట్లో, పిల్లి చూరు కింద, సుక్రి మధ్యలో. అదే ఆమె సంసారం.

ఆ కొండ మీద చింతపండు దొరికేది, పసుపు పండేది, చోళ్లు పండేవి. ఉప్పు మాత్రం దొరికేది కాదు. ఉప్పు కావాలంటే కొండ దిగి సంతకి పోవలసిందే. ఊరందరి తరఫునా ఆ పని సుక్రి చేసేది. చింతపండు బుట్టలు గుర్రం మీద కట్టుకుని దిగేది, ఉప్పు బుట్టలు కట్టుకుని ఎక్కేది. ఆమె రాకపోతే ఆ వారం ఊరంతా చప్పిడి కూడే తినాలి.

దారి మహా పాడుదారి. అంతా బండలే. గుర్రం గోళ్లు బండల సందుల్లో ఇరుక్కునేవి, విరిగేవి, వేళ్లు చిట్లి నెత్తురు కారేది. సుక్రి పసుపు నూరి, ఆకు కట్టు కట్టి, "ఇంకాస్త దూరమే తల్లీ" అంటూ నడిపించేది. గుర్రం కుంటుతూ ఎక్కేది. 

ఒక సంత రోజున పిల్లి కూడా బయల్దేరింది. సంతలో ఎండుచేపలు దొరుకుతాయని దానికి ఎవరో చెప్పారు. చింతపండు బుట్ట మీదెక్కి కూర్చుని, దారి పొడవునా గుర్రం కాళ్లనే చూసింది. సంతకి చేరాక గుర్రం చెవి దగ్గరికి జరిగి మాట కలిపింది.

"గుర్రమక్కా, నువ్వేమో గోళ్లతోటి నడవలేకపోతన్నావు. నానేమో గిట్టలతోటి ఒక్క ఎలకనీ పట్టలేకపోతన్నాను. మనం మార్చీసుకుందామేటి?"

ఆ రోజుల్లో గోళ్లూ గిట్టలూ చెప్పుల్లాగే ఊడి వచ్చేవి లెండి.

గుర్రం పిల్లి కాళ్ల వంక చూసి పకపకా నవ్వింది. "ఒలే, నీ గిట్టలు చింతగింజలంత ఉన్నాయి. నా కాళ్లకి సరిపోతాయేటే?"

"వాడితే పెరుగుతాయక్కా! సుక్రమ్మ పాదాలు సూడు, నడిసి నడిసి ఎంతెంత అయిపోనాయో!"

సుక్రి తన పాదాలు చూసుకుంది. కోపం రావలసిందే, కానీ నవ్వొచ్చింది. ఆలోచిస్తే పిల్లి మాట బాగానే ఉందనిపించింది. గుర్రం కుంటకుండా కొండెక్కుతుంది. గాదెలో చోళ్లు ఎలుకల పాలు కాకుండా మిగులుతాయి. ఇంతకంటే ఏం కావాలి?

ఆ సంతలో డబ్బన్న మాట లేదు, అంతా మార్పిడే. దానికో పద్ధతి ఉండేది. నీ సరుకు నా బట్టలో కుమ్మరించాలి, నా సరుకు నీ బట్టలో కుమ్మరించాలి, ఎవరి బుట్ట వాళ్లే ఇంటికి తీసుకుపోవాలి. బుట్ట మాత్రం ఎవరూ ఇవ్వరు. బేరం కుదిరాక మధ్యమనిషి ఒకరు పెద్ద అడ్డాకు తీసుకుని, ఇద్దరి కళ్ల ముందూ నిలువునా చించి, చెరో ముక్కా చేతిలో పెడతారు. ఆకు చిరిగిందంటే బేరం అయిపోయినట్టే. ఇక ఎవరూ వెనక్కి అడగడానికి లేదు.

ఈ బేరానికి మధ్యమనిషి సుక్రే అయింది. అడ్డాకు చేతిలోకి తీసుకుంది. పక్కన ఉప్పు కుప్ప పోసుకుని కూర్చున్న ముసలమ్మ తలెత్తి చూసింది.

"కాసేపు ఆగండమ్మా. ఏది ఇస్తన్నారో, ఏది ఉంచుకుంటన్నారో ఒకపాలి సూసుకోండి" అంది.

కానీ అప్పటికే కొండ మీద మబ్బు కమ్ముకుంటోంది. వాన పడితే ఉప్పు కరిగిపోతుంది. సుక్రి కాలు నిలవడం లేదు. "సూసుకున్నాం, సూసుకున్నాం" అంటూ ఆకు చర్రున చించేసింది.

గుర్రం గోళ్లూడదీసి పిల్లికిచ్చింది. పిల్లి గిట్టలూడదీసి గుర్రానికిచ్చింది. గిట్టలు ఇరుకు. అంచేత గుర్రం తన వేళ్లన్నీ దగ్గరికి కుక్కి కుక్కి దూర్చింది. ఆ వేళ్లన్నీ కలిసి ఒక్క వేలైపోయాయి. గోళ్లేమో పెద్దవి. పిల్లి పాదాల్లో పట్టలేదు. అంచేత వాటిని మడిచి లోపల దాచుకుంది.

ఆ రోజు కొండ దారిలో గుర్రం నడకే నడక! బండ మీద టకాటకా అడుగులు పడుతుంటే సుక్రి వెనకాల పరుగెత్తవలసి వచ్చింది. వాన కంటే ముందే ఊరు చేరారు. సాయంత్రం పిల్లి చప్పుడు లేకుండా గాదె దగ్గరికి వెళ్లింది. ఎలుకలు మూతి తుడుచుకునే దాకా కూడా ఆగలేకపోయాయి పాపం.

ఊరంతా సంబరపడింది. ఊరి పెద్ద గాసన్న స్వయంగా వచ్చి సుక్రిని మెచ్చుకున్నాడు. గాసన్న మంచివాడే, కానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఊళ్లో ఉప్పు ఇంటింటికీ కొలిచి పంచేది ఆయనే. తన ఇంటికి అందరికంటే చివర తీసుకునేవాడు.

"భలే బేరం సేసినావు అమ్మీ" అన్నాడు గాసన్న.

సుక్రి మురిసిపోయింది. ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు.

ఎండ ముదిరింది. బుట్టల కింద గుర్రం వీపు చెమటకి నానింది. ఈగలు ముసిరాయి. దురద మొదలైంది. గుర్రం అలవాటుగా వెనక కాలెత్తింది. గిట్ట గాలిలో ఊగింది తప్ప వీపుకి అందలేదు. ముందు కాలెత్తింది. అదీ అందలేదు. మెడ వంచి చూసింది. పళ్లు డొక్క దాకా వెళ్లాయి గానీ, ఎక్కడ ఎక్కువ దురదగా ఉందో అక్కడికి మాత్రం పోలేదు.

గుర్రం గోళ్లిచ్చేసింది. దురద దాని దగ్గరే ఉండిపోయింది. సరుకు కుమ్మరించి బుట్ట ఇంటికి తెచ్చుకున్నట్టే అయింది. ఆకు చించే ముందు దురద మాట సుక్రికి తట్టలేదు, గుర్రానికీ తట్టలేదు.

ఇక చూడండి గుర్రం అవస్థ. నిలబడితే నిలబడలేదు. పడుకుంటే పడుకోలేదు. తోక విసిరేది, తల ఆడించేది, కాలు నేలకేసి కొట్టేది. చర్మం దానంతటదే జలదరించేది. వాకిట్లో గుండ్రంగా తిరిగి తిరిగి నేలంతా గుంట చేసింది.

పిల్లికి ఇంకో రకం అవస్థ. దానికి అంత దురద లేదు. కానీ వచ్చిన గోళ్లున్నాయే, అవి ఊరుకునే రకం కాదు. పుట్టినప్పటి నుంచీ వాటికి తెలిసిన పని గోకడం ఒక్కటే. పిల్లి పాదాల్లో ముడుచుకుని కూర్చోమంటే ఎలా కూర్చుంటాయి? లోపల్నించి ఒకటే తహతహ. పిల్లి చాప గోకింది, చేట గోకింది, సుక్రి దుప్పటి పీలికలు చేసింది. గాసన్న కొత్తగా అల్లించుకున్న మంచం ఎక్కి, ఆ తాళ్లన్నీ బరికి బరికి వదిలిపెట్టింది. గాసన్న కూర్చోబోతే మంచం మధ్యలోంచి నేల మీద పడ్డాడు.

వాటిని చూసి చూసి ఊళ్లో ఎవరికీ కుదురు లేకుండా పోయింది. అంబలి తాగేవాళ్లు సగంలో లేచి వీపు తడుముకునేవాళ్లు. పిల్లలు ఒకచోట కూర్చునేవాళ్లు కాదు. దురదకి అంటుకునే గుణం ఉంది కదా, పక్కవాడు గోక్కుంటుంటే మనకీ ఎక్కడో మొదలవుతుంది.

ఆ తర్వాతి సంత నుంచి తిరిగొస్తున్నప్పుడు అసలు ముప్పు వచ్చిపడింది. దారికి అడ్డంగా ఒక గెడ్డ పారుతుంది. మోకాలి లోతు నీళ్లు. వాటిని చూడగానే గుర్రం ఇక ఆగలేకపోయింది. ఉప్పు బుట్టలతో సహా గెడ్డలోకి దిగి, వెల్లకిలా పడి, ఇటూ అటూ దొర్లింది. సుక్రి లబోదిబోమంది. గుర్రం లేచేసరికి బుట్టలున్నాయి, ఉప్పు లేదు.

ఆ వారమంతా ఊరు చప్పిడి కూడు తింది. బాలింతలు కూడా చప్పిడి జావే తాగారు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

గాసన్న సుక్రి వాకిట్లోకి వచ్చాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. దాంతో ఆమెకి ఇంకా భయం వేసింది.

"సుక్రీ, నాను సెప్పేది ఇను. ఉప్పు ఊరందరిది. ఇంకొక్కపాలి పారబోసిందంటే, ఈ గుర్రాన్ని పులుల లోయలో వదిలీసి రావాలి. మోత మొయ్యని గుర్రాన్ని మేపడానికి ఊళ్లో గడ్డి నేదు."

"తాతా, అది కావాలని సేసినాదేటి? దానికి దురద! దాని గోళ్లు దానికి ఇప్పించీ. పిల్లి ఇచ్చీస్తాది."

"అడ్డాకు సించినాక ఎలగ ఇప్పిస్తానే? ఇయ్యాల మనం బేరం తిరగ్గొడితే, రేపు సంతలో ఉప్పోళ్లు తిరగ్గొడతారు. అప్పుడు మన కొండకి ఉప్పు ఎవుడిస్తాడు?"

 ఆకు చించింది తనే. ఆ ముసలమ్మ ఆగమంటే ఆగనిదీ తనే. గుర్రం వచ్చి ఆమె భుజం మీద మూతి పెట్టింది. పులుల లోయలో ఈ మూతి, ఈ కళ్లు, ఒంటరిగా! తలుచుకుంటేనే సుక్రికి ఏడుపు ముంచుకొచ్చింది.

ఏడుస్తూ కూర్చుంటే పని జరగదు కదా. ఆ వారమంతా ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. గుర్రానికి కానుగ నూనె రాసింది. ఈగలు పోయాయి, దురద పోలేదు. దొర్లకుండా పొట్టి తాడుతో గట్టిగా కట్టేసింది. గుర్రం గింజుకుని గింజుకుని గుంజతో సహా ఊడబెరుక్కుని వెళ్లిపోయింది. దాన్ని వెతికి తెచ్చేసరికి సుక్రి కాళ్లు అరిగిపోయాయి.

అప్పుడామెకి ఒక ఊహ వచ్చింది. గుర్రానికి గోకేవాళ్లు కావాలి, పిల్లికి గోకడానికి ఏదైనా కావాలి. ఇంకేం! పిల్లిని ఎత్తి గుర్రం వీపు మీద కూర్చోబెట్టింది.

"గోకవే నా తల్లీ, నీ ఇష్టం వచ్చినంత గోకు" అంది.

పిల్లి గోళ్లన్నీ బయటికి చాచి ఒళ్లు విరిచి ఒక్క లాగు లాగింది. గుర్రం కెవ్వుమంది. అవి దాని గోళ్లే, కానీ తన ఒళ్లు తను గోక్కోవడం వేరు, ఇంకొకరు చీరడం వేరు. గుర్రం ఎగిరింది. పిల్లి పడిపోతానేమోనని ఇంకా గట్టిగా గోళ్లు దించింది. గుర్రం ఊరు చుట్టూ పరుగు, పైన పిల్లి అరుపు, వెనకాల సుక్రి, ఆ వెనక కుక్కలు. ఆఖరికి పిల్లి గాసన్న ఇంటి కప్పు మీదికి దూకి, అక్కడి గడ్డిని గోకడం మొదలుపెట్టింది.

"దాన్ని బుట్ట కింద మూసి, పైన రాయెట్టండి!" అని గాసన్న లోపల్నించి కేకేశాడు. అలాగే చేశారు.

కొత్త గింజలు వండుకునే పండగ దగ్గర పడింది. ఆ పండగకి ఉప్పు తప్పకుండా కావాలి. సుక్రి గుర్రాన్ని తీసుకుని కొండ దిగింది. ఇదే ఆఖరి అవకాశమని ఇద్దరికీ తెలుసు.  సంతలో చింతపండు కుమ్మరించింది, ఉప్పు నింపుకుంది, ఖాళీగా ఒక్క క్షణం కూర్చోకుండా తిరుగుముఖం పట్టింది.

గెడ్డ దగ్గరికి రాగానే సుక్రి పగ్గం చేతికి బిగించి చుట్టుకుని, "సూడకు, నీళ్లకేసి సూడకు" అంటూ గుర్రాన్ని పరుగు పరుగున దాటించేసింది. హమ్మయ్య అనుకుంది.

కానీ గెడ్డ దాటాక కొండ చరియ ఉంది. ఒక పక్క నిలువు బండ, ఒక పక్క లోయ. మధ్యన దారి గుర్రం పట్టేంత మాత్రమే. ఎండ నెత్తి మీదుంది. సరిగ్గా ఆ దారి మధ్యలో గుర్రం ఆగిపోయింది.

దాని ఒళ్లంతా వణుకుతోంది. బుట్టలు ఊగుతున్నాయి. గిట్టల కింద చిన్న రాళ్లు జారి లోయలో పడుతున్నాయి. వాటి చప్పుడు చాలాసేపటికి గానీ వినిపించడం లేదు.

"అమ్మా, నా వల్ల కాదు" అంది గుర్రం. "దొర్లకపోతే సచ్చిపోతాను."

"ఇక్కడ దొర్లితే కిందికే పోతావే!"

"తెలుసమ్మా. తెలిసినా ఆగట్లేదు."

సుక్రికి భయం వేసింది, కోపం వచ్చింది, అన్నిటికంటే ఎక్కువగా జాలేసింది. పగ్గం లాగితే గుర్రం కాలు జారుతుంది. కొడితే బెదురుతుంది. బుట్టల తాళ్లు కోసి ఉప్పు లోయలోకి తోసేస్తే గుర్రం బతుకుతుంది, కానీ ఊళ్లో అడుగు పెట్టగానే పులుల లోయకి పంపుతారు. ఎటు చూసినా దారి లేదు. పగ్గం వదిలేసి, గుర్రాన్ని బండ వైపుకి అదిమి, రెండు చేతులతో దాని మెడని కావలించుకుంది.

"పోతే ఇద్దరం పోదాం, నిన్ను వదలను" అంటూ జూలు గట్టిగా పట్టుకుంది.

పట్టుకున్న చేతివేళ్లు జూలు ఆగిపోయే చోట, మెడ వీపుతో కలిసే చోట, చర్మంలోకి దిగాయి. గుర్రం ఒక్కసారి తల ఎత్తింది. వణుకు సగం తగ్గింది.

సుక్రి గమనించింది. వేళ్లు కాస్త కదిపింది. గుర్రం ఊపిరి బిగబట్టింది. ఇంకా గట్టిగా, గోళ్లతో, బొటనవేలితో, చింతపండు గింజ తీసేటప్పుడు నొక్కినట్టు నొక్కి నొక్కి గోకింది. గుర్రం పై పెదవి ముందుకి సాగింది. సాగి సాగి ఏనుగు తొండం అవుతుందేమో అన్నంత సాగి, అదిరింది. కళ్లు సగం మూతలు పడ్డాయి.

"అక్కడేనేటి?" అంది సుక్రి.

"అక్కడే, అక్కడే, ఇంకొంచెం కిందికి, ఆ, ఆ, ఆపకమ్మా!"

ఒళ్లంతా దురదే, కానీ ఆ దురదకి మొదలు అక్కడుంది. కాలికి అందదు, నోటికి అందదు, తోకకి అందదు. సుక్రి చేతికి మాత్రం అందింది. చేతులు నొప్పెట్టేదాకా గోకింది. గుర్రం ఒళ్లు వదులైంది. గిట్టలు కదలకుండా నిలిచాయి.

అప్పుడు గుర్రం మెడ వెనక్కి తిప్పి, సాగిన పెదవితో, ముందుపళ్లతో సుక్రి భుజం మెల్లమెల్లగా గీకడం మొదలుపెట్టింది.

సుక్రి ఉలిక్కిపడింది. "ఒలమ్మా! ఏటే, కొరుకుతన్నావా?"

"కొరకడం కాదమ్మా. నువ్వు నాకు గోకినావు కదా. నాను ఊరికే ఎలగ తీసుకుంటాను? నా దగ్గర ఇంకేటున్నాది? గోళ్లు నేవు, పళ్లే ఉన్నాయి."

ఎన్ని సంతలు చూసిన గుర్రం అది! ఏదైనా పుచ్చుకుంటే బదులు ఇవ్వాలని దానికి బాగా తెలుసు. అది సరిగ్గా నీళ్ల కావడి మోసి మోసి భుజం కాయ కాచిన చోటే గీకింది. అక్కడ తనకీ ఎన్నేళ్లుగానో దురదగా ఉందని సుక్రికి అప్పుడే తెలిసింది. లోయ అంచున నిలబడి, కళ్ల నీళ్లు కారుతుండగా, ఆమె గట్టిగా నవ్వేసింది.

అక్కడి నుంచి ఊరి దాకా గోకుతూ నడిచింది. గుర్రం పిల్లకాలువలా సాఫీగా సాగిపోయింది. ఉప్పులో ఒక్క గింజ కూడా కింద పడలేదు.

గాసన్న వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. బుట్టలు విప్పి ఉప్పు చేత్తో పట్టుకుని చూశాడు. కాస్త నాలిక మీద వేసుకున్నాడు. ముఖం విప్పారింది. వెంటనే మళ్లీ ముడుచుకుంది.

"గుర్రం సంగతి సరే. ఆ పిల్లి సంగతేటి? బుట్ట కిందనించి ఒకటే గీకుడు. నాకు బుర్ర తినీసినాది."

సుక్రికి దారిలోనే ఒక విషయం అర్థమైంది. "తాతా, గోకొద్దంటే అది ఎలగ ఆగుతాది? మన కాడ తప్పేటంటే, గోకొద్దంటన్నాం గానీ ఎక్కడ గోకాలో సూపించట్లేదు."

మర్నాడే ఒక గుంజ చెక్కింది. బెరడు తీసి, నున్నగా చేసి, పసుపు రాసి, ఎవరికీ అడ్డం కాకుండా పెరట్లో మూలన పాతింది. బుట్ట ఎత్తగానే పిల్లి వచ్చి వాసన చూసింది. తోక ఆడించింది. తిన్నగా వెళ్లి గాసన్న మంచం గోకింది.

గాసన్న నోరు తెరిచేలోపే సుక్రి గుంజ పీకేసింది. ఈసారి అడవికి వెళ్లి నల్లమద్ది దుంగ తెచ్చింది. దాని బెరడు గరుకు గరుకుగా, పలకలు పలకలుగా ఉంటుంది. బెరడు తియ్యలేదు, చెక్కలేదు. పిల్లి నిలువునా ఒళ్లు చాచినా ఇంకా పైకి మిగిలేంత ఎత్తుది. ఊపినా కదలకుండా లోతుగా పాతింది. ఈసారి పెరట్లో కాదు, అందరూ వచ్చేపోయే వాకిలి ముందు పాతింది.

పిల్లి దాని చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక కాళ్ల మీద లేచి నిలబడి, ముందు కాళ్లు పైకంటా చాచి, గోళ్లు బెరడులోకి దించి, బర్రున కిందికి లాగింది. ఆ సుఖం దాని ముఖంలో చూడాలి! మళ్లీ లాగింది, మళ్లీ మళ్లీ లాగింది. బెరడు పొట్టు రాలింది. గోళ్ల తహతహ తీరింది. అవి బుద్ధిగా ముడుచుకుని లోపలికి వెళ్లిపోయాయి. పిల్లి గడప మీద చుట్ట చుట్టుకుని పడుకుంది. గోళ్లొచ్చాక అది కుదురుగా పడుకోవడం అదే మొదలు.

పిల్లి లేవగానే గుర్రం వచ్చింది. అదే గుంజకి వీపు ఆనించి, డొక్క ఆనించి, మెడ ఆనించి కసాకసా రాసుకుంది. ఆ తర్వాత ఎవరూ చూడటం లేదనుకుని గాసన్న కూడా వచ్చాడు. వీపు గుంజకి ఆనించి కాసేపు అటూ ఇటూ ఊగాడు. సుక్రి చూరు కింద నిలబడి నోరు మూసుకుని నవ్వుకుంది.

ఆ ఏడు పండగకి ఉప్పు సరిపోయింది. ఊరు ఇంకో గుర్రాన్ని కూడా తెచ్చుకుంది. కొత్త గుర్రానికీ అదే దురద. సుక్రి చేతులు రెండే కదా, రెండింటికీ ఎక్కడ చాలుతాయి? పాత గుర్రం కాసేపు చూసింది. కొత్తదాని పక్కకి వెళ్లి, దాని తోక వైపు తన ముఖం తిప్పి నిలబడి, దాని మెడ మొదట్లో పళ్లతో గీకింది. కొత్త గుర్రానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. అదీ మెడ తిప్పి దీని మెడ మొదట్లో గీకింది. ఏ ఆకూ చించకుండానే ఆ బేరం కుదిరిపోయింది.

అప్పటినుంచే గుర్రం కంచె గుంజ కనిపించినా, చెట్టు మొద్దు కనిపించినా ఒళ్లు రాసుకోకుండా ఉండదు. మూట దించగానే నేల మీద పడి దొర్లుతుంది. అప్పటినుంచే పిల్లి గోళ్లు లోపల దాచుకుని నడుస్తుంది, నిద్ర లేవగానే గరుకైనదేదో వెతుక్కుని, నిలువునా సాగి గోకుతుంది. చూపించకపోతే మీ మంచమే చూసుకుంటుంది.

అప్పటినుంచే రెండు గుర్రాలు ఒకచోట చేరితే ఒకదాని తోక వైపు ఇంకొకటి ముఖం తిప్పి పక్కపక్కనే నిలబడి, ఒకదాని మెడ ఒకటి గీకుతూ పొద్దంతా గడిపేస్తాయి. మనిషి ఎవరైనా దగ్గరికి వెళ్లి, జూలు ఆగిపోయే చోట వేళ్లు పెట్టి గోకితే, గుర్రం ఇప్పటికీ ఊరికే పుచ్చుకోదు. పై పెదవి సాగదీసి, మెడ తిప్పి, ఆ మనిషి భుజం ఎక్కడుందా అని వెతుకుతుంది.